వేణ్నీళ్ల బొంతలు

త్రివేణి తుమ్ములకు వాడకట్టంతా నిద్ర లేస్తుందని ఇరుగుపొరుగు పరాచికాలాడేవారు. తెల్లవారి పక్క మీద లేచి కూర్చుందో లేదో మొదలయ్యేవి. ఒకటి వచ్చిందంటే దాని వెనక బారులు తీరి వచ్చేవి. ముక్కు కారేది, కళ్లు ఎర్రబడి దురదపెట్టేవి. పొయ్యి మీద చాయ్ మరిగే వేళకు కాస్త తెరిపి. పెళ్లై నాందేడ్‌కు వచ్చిన కొత్తలో లేదు గానీ తర్వాత ఏటికేడు ముదిరింది. "ఒక్కొక్కల ఒళ్లు ఒక్కొక్క తీరు" అనేది అత్త సత్యభామ. త్రివేణి కూడా అంతే అనుకుని, ముక్కు తుడుచుకుని పనిలో పడేది.

ఆ పని బొంతలు కుట్టడం. స్టేషను అవతలి వాడలో సత్యభామ బొంత అంటే తెలియనివాళ్లు లేరు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, పైన రంగురంగుల ముక్కలు అతికి, అంచు నుంచి నడిమికి చుట్లు చుట్లుగా దారం నడిపిస్తే, మరాఠీవాళ్లు గోధడి అని మురిసిపోయి పట్టుకుపోయేవారు. పుట్టిన పసిగుడ్డుకూ అదే, అత్తారింటికి పోయే ఆడపిల్లకూ అదే. సత్యభామ కంటికి పొర కమ్మాక సూది కోడలి చేతికి వచ్చింది. మొదట్లో వంకరటింకరగా పోయిన కుట్టు రానురాను అత్త కుట్టునే మించింది. త్రివేణి పెద్దగా చదువుకున్న మనిషి కాదు. కానీ ఎవరైనా "బొంతల త్రివేణి" అని పిలిస్తే ఆమె మెడ కాస్త నిటారుగా నిలిచేది.

ఇల్లు రెండు గదులు, ముందర ఇరుకు వాకిలి, పైన డాబా. భర్త కాశీనాథ్ రైల్వేలో పట్టాల పని చేస్తాడు. ఆ రెండు గదుల్లో మనుషులకంటే మూటలే ఎక్కువ. సజ్జ మీద మూటలు, మంచం కింద మూటలు, తలుపు వెనక మూటలు. "మా అమ్మ చీరలు", "మా నాయన ధోవతులు" అంటూ జనం తెచ్చి ఇచ్చినవి. తమ వంతు వచ్చేదాకా అవి నెలల తరబడి అక్కడే పడి ఉండేవి.

ఆ ఎండాకాలం మొదట్లో దెగ్లూర్‌లో తమ్ముడు మనోజ్ కొత్త ఇంట్లో పాలు పొంగిస్తున్నాడంటే త్రివేణి పోయింది. సామాను ఇంకా చేరని ఇల్లు. అందరూ డాబా మీద చాపలేసుకుని పడుకున్నారు. తెల్లారి త్రివేణి లేచి, మొహం కడుక్కుని, చాయ్ తాగి, వాకిట్లో ముగ్గు వేస్తుంటే మరదలు అడిగింది.

"వదినా, ఇయ్యాల తుమ్ములేయి?"

అప్పుడుగాని త్రివేణికి తెలియలేదు. ముక్కు తడిమి చూసుకుంది. పొడిగా ఉంది. ఊపిరి ఎక్కడా తట్టుకోకుండా అడుగుదాకా పోయి వస్తోంది. ఇంత సుఖంగా ఊపిరి తీసుకోవచ్చన్న సంగతే తను మరిచిపోయినట్టుంది. అక్కడ ఉన్నన్నాళ్లూ ఒక్క తుమ్ము లేదు. నాందేడ్ బస్సు దిగి, ఇంటికొచ్చి తన పక్క మీద పడుకున్న మర్నాడే తుమ్ములు మళ్లీ పట్టుకున్నాయి. ఈసారి ఛాతీలో పిల్లికూతలు కూడా.

"అత్తమ్మా, నా ఒంట్ల కాదు. ఇంట్లనే ఏదో ఉన్నది" అంది.

సత్యభామ చేతిలో చీపురుంది. ఆ మాట ఆమెకు తగలరానిచోట తగిలింది.

"ఇంట్ల ఏముంటది? రెండు పూటల ఊడుస్తున్న. ఏ మూలకన్న ఇంత బూజు చూపియ్యి."

"నీ ఊడ్పుకు నేను వంక వెడతలేను."

"మరెవలకు వెడుతున్నవ్?"

త్రివేణి మర్నాడు పొద్దున్నే డాక్టర్ శుభాంగి దగ్గరికి పోయి వరసలో కూర్చుంది.

డాక్టరమ్మ ఆమె ముంజేతి మీద చుక్కలు చుక్కలుగా ఏవో మందులు వేసి, ఒక్కో చుక్కలో సూదిమొనతో గుచ్చి, కాసేపు బయట కూర్చోమంది. లోపలికి పిలిచేసరికి ఒక చుక్క దగ్గర దద్దురు రూపాయి బిళ్లంత లేచింది. మిగతావి అలాగే ఉన్నాయి.

"ఇది ఇంటి దుమ్ములో ఉండే పురుగుది" అని మరాఠీలో చెప్పింది డాక్టరమ్మ. "కంటికి కనిపించదు, కుట్టదు. పరుపుల్లో, దిండ్లలో, పాత బట్టల్లో ఉంటుంది. మన ఒంటి మీంచి రాలే పొట్టు తిని బతుకుతుంది. దాని మలం ఎండి పొడై గాలిలో లేస్తుంది. మీ ఒంటికి పడనిది అదే."

త్రివేణి మొహం చిన్నబోయింది. "మా ఇల్లు మురికి ఇల్లు కాదమ్మా" అంది.

"మా ఇంట్లోనూ ఉన్నాయి. అందరి ఇళ్లలోనూ ఉంటాయి. మీ ఛాతీ ఓర్చుకోవడం లేదు, అంతే." పీల్చే మందు ఎలా వాడాలో చూపించి, పక్కబట్టలు వారం వారం బాగా మరిగే నీళ్లలో ఉతకాలనీ, దిండ్లకూ పరుపుకూ ఒత్తు నేత గలేబులు తొడగాలనీ, పొడి చీపురు మాని తడిబట్టతో తుడవాలనీ చెప్పింది. చివరికి, "మీరేం పని చేస్తారు?" అని అడిగింది.

"పాత బట్టలతోటి బొంతలు కుడత."

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆగింది. "మానుకోగలిగితే మంచిది" అంది మెల్లగా.

ఆటో ఎక్కబుద్ధి కాక త్రివేణి నడుచుకుంటూ ఇంటికొచ్చింది. దారి పొడవునా ఆ ఒక్క మాటే చెవిలో మోగింది. గుమ్మం ఎక్కేసరికి మనసు గట్టిపడింది. పురుగు బట్టలో ఉంటే బట్టను బాగుచేయాలి. చేతిలో సూదిని ఎందుకు పారేయాలి?

కాశీనాథ్ విని నవ్వాడు. "కనవడని పురుగు చెప్పిందా డాక్టరమ్మ? మంచిగనే ఉన్నది."

గోడకు ఆనుకుని కూర్చున్న సత్యభామ కొడుకు వైపు తల తిప్పింది. ఆమె ఇంకా కోడలి మీద అలిగే ఉంది. అయినా అంది, "నాకు నీ మొగమే సక్కగ కనవడ్తలేదురా. అట్లని నువ్వు లేవా?"

కాశీనాథ్ నవ్వు ఆపేశాడు.

మరుసటి రోజే త్రివేణి పని మొదలుపెట్టింది. ఆత్రం ఎక్కువైంది, ఆలోచన తక్కువైంది. పరుపును డాబా మీదికి ఈడ్చుకుపోయి, ముక్కుకు గుడ్డయినా కట్టుకోకుండా కర్రతో బాదింది. ఎండలో దుమ్ము బంగారు పొడిలా లేచింది. పరుపు తర్వాత దిండ్లు, దిండ్ల తర్వాత సజ్జ మీది మూటలు. ఒక్కో మూటా విప్పి విదిలించింది. మధ్యాహ్నానికి ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది. మెట్లు దిగబోయి మధ్యలోనే కూలబడింది. పీల్చే మందు కింద ఇంట్లో ఉంది. పిలుద్దామంటే గొంతులోంచి మాట రాలేదు, ఊపిరి కూతలే వచ్చాయి. మెట్ల మీద చప్పుడు విని సత్యభామ తడుముకుంటూ ఎక్కివచ్చి, కోడలి వీపు మీద చెయ్యి వేసి, గావుకేక పెట్టింది.

దవాఖానలో మూతికి గొట్టం పెట్టి ఆవిరి మందు పట్టారు. సాయంత్రానికి ఊపిరి దారిలో పడింది గానీ మర్నాడుదాకా అక్కడే ఉండాలన్నారు. కాశీనాథ్ మంచం పక్కన నిలబడి ఆమె పెదవుల నీలి రంగు విరిగేదాకా వాటి వైపే చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు ఇంటికొచ్చిన త్రివేణికి గుమ్మంలోనే తేడా తెలిసింది. సజ్జ ఖాళీ. మంచం కింద ఖాళీ. తలుపు వెనక గోడ, ఎన్నేళ్ల తర్వాతో, కనిపిస్తోంది. గూట్లో కొత్త స్టీలు బగోనలు ఒకదాని మీద ఒకటి తళతళమంటున్నాయి.

"మూటలేయి?"

"గంగుబాయి అచ్చింది, ఇచ్చిన" అన్నాడు కాశీనాథ్. గంగుబాయి పాత బట్టలు తీసుకుని గిన్నెలిచ్చే మనిషి. నెత్తి మీద గంప పెట్టుకుని గల్లీ గల్లీ తిరుగుతుంది.

"అన్నిటిని?"

"అన్నిటిని."

"సుశీలక్కవి సుత?"

కాశీనాథ్ తల దించుకున్నాడు. సుశీలాబాయి వెనక వీధిలో ఉంటుంది. చలికాలంలో ఆమె తల్లి పోయింది. ఆ తల్లి కట్టి విడిచిన చీరలు మూటగట్టి తెచ్చి, త్రివేణి చేతుల్లో పెట్టి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

"నువ్వు సస్తవనుకున్న, త్రివేణీ. ఆ మూటలను చూస్తే నాకు..." అన్నాడు కాశీనాథ్.

త్రివేణికి కోపం వచ్చింది, జాలీ కలిగింది. రెండిట్లో ఏది ముందో ఆమెకే తెలియలేదు. "అవి మనయి కావు. మందివి. మంది నన్ను నమ్మి ఇచ్చిన్రు. బండి తియ్యి" అంది.

"ఇయ్యాలనే దవాఖాన నుంచి అచ్చినవ్."

"సరుకు కదిలిపోతే మళ్ల దొరకది. తియ్యి."

గంగుబాయి ఇంట్లోనే దొరికింది. మూటలు పొద్దుననే ఇత్వారా బజారులోని దేవన్న దుకాణానికి వేసేశానంది. త్రివేణి కళ్లలోకి చూసి, తనే బండి వెనక ఆటోలో వచ్చింది.

దేవన్న దుకాణంలో పాత బట్టలు కప్పుదాకా కుప్పపోసి ఉన్నాయి. బయటి నుంచి చూస్తేనే త్రివేణి ముక్కులో చిరచిరలాడింది. కాశీనాథ్ ఆమె భుజం పట్టి ఆపాడు.

"నువ్వు రోడ్డుకు అవతల నిలవడు. లోపలికి రాకు. గుర్తులు చెప్పు, నేను తీస్త."

ఆమె మాస్కు కట్టుకుని రోడ్డు అవతల వేపచెట్టు కింద నిలబడింది. మధ్యలో ఆటోలు, బళ్లు, పుచ్చకాయల తోపుడుబండి. కాశీనాథ్ కుప్పలోకి దిగాడు. ఒక్కో చీరా లాగి, గుమ్మంలోకి వచ్చి, రెండు చేతులా ఎత్తి పట్టుకుని చూపించాడు. ఆమె అక్కడి నుంచే తల ఊపింది, అడ్డంగానో నిలువుగానో. ఆకుపచ్చ నారాయణపేట చీర, కుంకుమ అంచు. అవును. చుక్కల నూలు చీర, కొంగున చిరుగు. అవును. నీలం గళ్లది, కాదు. ఎవరి చీర ఏదో, ఏ అంచు ఏ మూటలోదో ఆమెకు చేతి గీతల్లా తెలుసు. దేవన్న మొదట విసుక్కున్నాడు, తర్వాత బల్ల మీద కూర్చుని చూశాడు, ఆఖరుకు తనూ లేచి కుప్ప తిరగేశాడు. కాశీనాథ్ చెమటతో, దుమ్ముతో గుర్తుపట్టలేనట్టు తయారయ్యాడు. ఎవరేమన్నా పట్టించుకోలేదు. పొద్దు వాలేదాకా చీరలు ఎత్తి పట్టుకుంటూనే ఉన్నాడు.

సుశీలాబాయివి అన్నీ దొరికాయి. మిగతావాళ్లవి చాలామటుకు దొరికాయి. స్టీలు బగోనలు గంగుబాయి గంపలోకే తిరిగి వెళ్లాయి. దొరకని వాటి కోసం త్రివేణి ఆ వారమంతా ఇల్లిల్లూ తిరిగి, జరిగింది జరిగినట్టు చెప్పింది. కొందరు పోనీలే అన్నారు, కొందరు నోరు చేసుకున్నారు. నిలబడి విన్నది.

ఇక ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. ఉతకని గుడ్డ గడప దాటి లోపలికి రాకూడదు. మూట వస్తే ప్లాస్టిక్ సంచిలో కట్టి డాబా మెట్ల కింద పెట్టాలి. విప్పేది కాశీనాథ్, మూతికి మాస్కుతో. డాబా మీద కట్టెల పొయ్యి, దాని మీద నీళ్లు కాచే పెద్ద గుండి, అందులో చెయ్యి పెడితే కాలేంత వేడి నీళ్లు. చీరల్ని కట్టెతో అదిమి అదిమి తిప్పి, మంచినీళ్లలో జాడించి, నాందేడ్ ఎండలో ఆరేస్తే ఒకటి ఆరేసి వచ్చేలోపు ఇంకొకటి పెళపెళమనేది. అత్త చెప్పినట్టు ఎండలో వేసి ఊరుకుంటే సరిపోదా అని డాక్టరమ్మను అడిగింది. ఎండ మంచిదే, కానీ చచ్చిన పురుగూ దాని మలమూ బట్టలోనే ఉంటాయి, నీళ్లలో పోవాల్సిందే అంది డాక్టరమ్మ.

గలేబుల గుడ్డ కోసం వజీరాబాద్ బజారులో దుకాణం దుకాణం ఎక్కింది. తానులోంచి కొస తీసి, మూతికి ఆనించి, గట్టిగా ఊది చూసింది. గాలి అవతలికి ధారాళంగా పోతే పక్కన పెట్టేది. దుకాణంవాడు అడిగాడు, "ఏంది చూస్తున్నవమ్మా, బట్టనా, ఊదే బుగ్గనా?"

"నేత చూస్తున్న. దీంట్లకెళ్లి ఊపిరే పోవద్దు, పురుగెట్ల పోతది" అంది.

ఒత్తు నేత గుడ్డ దొరికింది. దిండ్లకూ పరుపుకూ నాలుగు పక్కలా మూసుకునే గలేబులు తనే కుట్టి జిప్పు వేసింది. సత్యభామ పొడి చీపురు వాకిలికి మాత్రమే ఉంచి, లోపల తడిబట్ట పట్టింది. ఎవరూ అడగలేదు. కళ్లు ఆనకపోయినా అరచేత్తో నేల తడుముకుంటూ మూలమూలనా తుడిచేది. తన బూరుగుదూది దిండు జోలికి మాత్రం ఎవర్నీ రానివ్వలేదు. పెళ్లప్పుడు పుట్టింటివాళ్లిచ్చిన దిండు అది.

"నేను నా మంచంల పండుకుంట. నీకేమైతది?" అంది.

"అదే గదిల ఉన్నది గదా అత్తమ్మా. కనీసం గలేబన్న ఎయ్యనియ్యి."

కొన్నాళ్లకు ఒకరోజు సత్యభామ తనంతట తనే దిండు తెచ్చి కోడలి ఒళ్లో పెట్టింది. "ఆనాడు మెట్ల మీద నీ వీపు ఎట్ల ఎగిరిందో నా చెయ్యికి ఇంక యాదికున్నది. ఎయ్యి గలేబు" అంది.

ఇల్లు ఒక దారికొచ్చింది. పనే రాలేదు. సుశీలాబాయి తన మూట కోసం వచ్చినప్పుడు త్రివేణి ఏదీ దాచలేదు. చీరలు దేవన్న దుకాణందాకా పోయి వచ్చాయని చెప్పింది. ఉడకబెట్టందే కుట్టనని కూడా చెప్పింది.

సుశీలాబాయి మూటను గుండెకు హత్తుకుంది. "మా అమ్మ వాసన పోతది, త్రివేణీ."

"పోతది అక్కా. అబద్ధం చెప్ప."

"ఒక్కదానికి అట్లనే కుట్టరాదా? నాకోసం."

"అట్ల కుడితే నాకు దవాఖాననే. నీకు నేను కాదంటనా ఎన్నడన్న? గీ ఒక్కటి మాత్రం నాతోటి కాదు."

సుశీలాబాయి మూట పట్టుకుని వెళ్లిపోయింది. ఆ వెనకే మాట పాకింది, బొంతల త్రివేణి మంది చీరలు ఉడకబెడుతుందట, రంగులు దిగిపోతాయట అని. వచ్చే మూటలు తగ్గాయి. "పోనీ, ముందటి తీరుగనే కుడదాం, మూటలు నేను ఇప్పి ఇస్త, నువ్వు బయట కూసోని కుట్టు" అన్నాడు కాశీనాథ్. త్రివేణి తల అడ్డంగా ఊపింది. చేతులు ఊరికే ఉంచకుండా పాత బొంత ఒకటి విప్పి చూసింది. అన్ని పొరలుంటే నీళ్లలో నానితే ఎత్తలేరు, పైన ఎండినా నడుమ తడి ఉంటుంది. అందుకే ఎవరూ ఉతకరు. పొరలు తగ్గించి, కుట్టు దగ్గర చేసి, పలచగా ఒక బొంత కుట్టి, తనే వారం వారం మరిగే నీళ్లలో ఉతికి చూసింది. దారం తెగలేదు. గుడ్డ ఇంకా మెత్తబడింది.

మృగశిర దగ్గర పడుతుండగా ఒక పొద్దున సుశీలాబాయి మళ్లీ వచ్చింది. చేతిలో అదే మూట. గడప దాటకుండా వాకిట్లోనే నిలబడింది.

"నా కూతురు పూనమ్‌కు నెలలు నిండుతున్నయి. బిడ్డకు అమ్మమ్మ అమ్మ చీరల బొంత ఉండాలె అన్నది. నిన్న ఇప్పి మొగానికి వెట్టుకున్న" అని ఆగింది. "అమ్మ వాసన లేదే. దుకాణం వాసనొస్తున్నది."

"తప్పు మా ఇంటిదే అక్కా. నా మొగడు భయపడి ఇచ్చిండు."

"భయంల మనిషి ఏమన్న చేస్తడు. నువ్వెతికి తెచ్చినవ్ గద." మూట ముందుకు చాపింది. "ఉడకవెట్టు. పసిపిల్ల మీదికి దుకాణం దుమ్ము వద్దు."

ఇద్దరూ డాబా ఎక్కారు. త్రివేణి ముందు ప్రతి చీర కొసనూ గిన్నెలో ముంచి రంగు చూసింది. దిగేవాటిని విడిగా పెట్టింది. నారాయణపేట చీర రంగు దిగలేదు. గుండిలో నీళ్లు కుతకుతలాడుతుంటే సుశీలాబాయి తనే కట్టె పట్టుకుంది. ఆవిరి మొహానికి కొడుతున్నా పక్కకు తప్పుకోలేదు. ఎప్పుడు ఏడ్చిందో, ఎప్పుడు ఆపిందో త్రివేణి చూడనట్టే ఉండిపోయి, జాడించడానికి మంచినీళ్లు తెచ్చి పెట్టింది. చీరలు తీగ మీద ఆరుతుంటే సుశీలాబాయి కుంకుమ అంచు వేళ్ల మధ్య రుద్ది చూసి, "ఇది కట్టుకోని మా అమ్మ నన్ను మొదటిపారి బడికి తోలుకపోయింది" అంది. ఆ అంచును బొంత నడిమిలో పెట్టమంది.

పూనమ్‌కు ఆడపిల్ల పుట్టింది. పలచటి బొంత, చిటికెలో ఆరిపోయే బొంత, పసిపిల్ల తడిపితే ఉతుక్కోవచ్చట అన్న మాట బాలింతల నోటి నుంచే వాడలో పాకింది. మూటలు మళ్లీ మెట్ల కిందికి చేరాయి.

అంతలో వానలు పట్టుకున్నాయి. గోడలు చెమ్మగిల్లాయి, గలేబులు ఆరక ఇంట్లో తీగ మీద వేలాడాయి, త్రివేణికి కొన్ని పొద్దులు తుమ్ములు తిరిగొచ్చాయి. ఆమె దిగాలుపడి డాక్టరమ్మ దగ్గరికి పోతే, ఈ కాలంలో పురుగు పెరగడం మామూలేనని, పీల్చే మందు మానొద్దని చెప్పింది. ఇది పూర్తిగా పోయే రోగం కాదని, అదుపులో ఉంచుకోవాల్సిందని కూడా చెప్పింది. త్రివేణి విని, సరేనని లేచింది. ఛాతీలో కూత లేదు. అది చాలు ప్రస్తుతానికి.

ఒక ముసురు రోజు మర్ఖేల్ నుంచి ఒక ఆడమనిషి గొడుగు కింద మూట పట్టుకుని వచ్చింది. దసరాకు బొంత కావాలంది, లోపలికి రాబోయింది.

"అక్కడనే ఆగు అక్కా. మూట మెట్ల కింద వెట్టు, నువ్వు లోపలికి రా, చాయ్ తాగు" అంది త్రివేణి. "ఎండ కాసినంకనే పని మొదలువెడత. అప్పటిదాంక ఓపిక వడతవా?"

"పడత తియ్యి."

చాయ్ ఇచ్చి ఆమెను సాగనంపి, త్రివేణి మంచం మీది దుప్పట్లు, దిండ్ల గలేబులు ఒక్కొక్కటిగా ఊడదీసి చంకన పెట్టుకుంది. ఆ రోజు వాటి వంతు. వాన కాస్త వెనక్కి తగ్గింది. కాశీనాథ్ తడి కట్టెలు ఊది పొయ్యి అంటిస్తున్నాడు. మాస్కు సర్దుకుని ఆమె డాబా మెట్లెక్కింది.